వారం వారం వచ్చే కొత్త ఆల్బమ్‌లను వినడం, వాటిపై అభిప్రాయం చెప్పడం ఎలా?

కొత్త సంగీతం మీద ఆసక్తి ఉన్నవారికి ఈ రోజుల్లో పాటల కొరత లేదు, ఉన్న కొరతంతా తీరికది. శుక్రవారం వచ్చేసరికి ఇంగ్లీషు, హిందీ ఆల్బమ్‌లు ఒక్కసారిగా వచ్చి పడతాయి, తెలుగు సినిమా పాటలు ఏ వారంతోనూ సంబంధం లేకుండా వాటి దారిన అవి విడుదలవుతూ ఉంటాయి. అన్నిటినీ అందుకోవాలని చూసేవారు ఒక్కొక్క పాటను అరనిమిషం విని ముందుకు జరుపుతారు. ఆ అరనిమిషం ఆధారంగా చెప్పిన మాట పాట కట్టినవారికీ, పాడినవారికీ, వినేవారికీ కూడా అన్యాయమే చేస్తుంది. విజయవాడలోనో గుంటూరులోనో ఉద్యోగమో చదువో చేసుకుంటూ, వారంలో నాలుగైదు గంటలు మాత్రమే సంగీతానికి కేటాయించగలిగినవారి కోసం ఈ పద్ధతిని రాస్తున్నాను. ఇందుకు కావలసినవి ఒక ఫోను, ఒక జత ఇయర్‌ఫోన్లు, ఒక నోటుపుస్తకం, నిజాయితీగా మాట్లాడుకోగలిగిన ముగ్గురు నలుగురు మిత్రులు. పాటించవలసిన నియమాలు మూడు: వారానికి రెండు ఆల్బమ్‌లకు మించి తీసుకోకూడదు, తీసుకున్నదాన్ని మూడుసార్లు విననిదే అభిప్రాయం చెప్పకూడదు, చెప్పేటప్పుడు పాటలో ఆ చోటేదో చూపించకుండా చెప్పకూడదు.

ముందుగా, ఏది ఎప్పుడు వస్తుందో తెలుసుకోండి

2015 జులై 10 నుంచి ప్రపంచంలోని చాలా దేశాల్లో కొత్త ఆల్బమ్‌లకు శుక్రవారం ఉమ్మడి విడుదల దినమైంది. అంతకుముందు అమెరికాలో మంగళవారం, బ్రిటన్‌లో సోమవారం, జర్మనీలో శుక్రవారం విడుదల చేసేవారు. ఒక దేశంలో ముందు వచ్చిన ఆల్బమ్ మరొక దేశానికి దొంగదారిన చేరిపోతుండడం వల్ల అంతర్జాతీయ రికార్డింగ్ పరిశ్రమ సమాఖ్య ఈ ఏర్పాటు చేసింది. సాధారణంగా ఏ దేశంలో ఆ దేశపు అర్ధరాత్రి దాటగానే ఆల్బమ్ అందుబాటులోకి వస్తుంది కనుక, గురువారం రాత్రి నిద్రపోయి శుక్రవారం తెల్లవారి లేచేసరికి మన ఫోనులో అది ఉంటుంది. అయితే కొందరు అమెరికన్ కళాకారులు ప్రపంచమంతటికీ ఒకే క్షణంలో, న్యూయార్క్ అర్ధరాత్రికి విడుదల చేస్తారు. అది మనకు వేసవి కాలంలో ఉదయం 9.30, చలికాలంలో ఉదయం 10.30 అవుతుంది. కొరియన్ ఆల్బమ్‌లు శుక్రవారాన్ని అంతగా పట్టించుకోవు. చాలావరకు అక్కడి సాయంత్రం 6 గంటలకు, అంటే మన మధ్యాహ్నం 2.30కు వస్తాయి. తెల్లవారుజామున వెతికి కనిపించలేదని నిరాశపడకుండా శుక్రవారం సాయంత్రం ఒక్కసారి చూసుకుంటే అన్నీ దొరుకుతాయి.

తెలుగు సినిమా పాటలది వేరే లెక్క. క్యాసెట్ల కాలంలో ఆడియో వేడుక పెట్టి, సినిమాలోని పాటలన్నీ ఒకే రోజున విడుదల చేసేవారు. ఆ రాత్రికే విజయవాడ గాంధీనగర్ ప్రాంతంలోనూ, బీసెంట్ రోడ్డులోనూ ఆ పాటలు మోగుతూ ఉండేవి. ఇప్పుడు సినిమాకు ఎన్నో వారాల ముందు నుంచి ఒక్కొక్క పాటను లిరికల్ వీడియోగా వదులుతారు, ముహూర్తం చూసిపెట్టినట్టుగా 11 గంటల 7 నిమిషాల వంటి సమయాలను ప్రకటిస్తారు, చివరికి సినిమా విడుదల దగ్గరపడ్డాక అన్నిటినీ ఒకేచోట వరుసగా వినిపించే జూక్‌బాక్స్‌గా పెడతారు. నేపథ్య సంగీతం విడిగా రావాలంటే ఆ తరువాత ఇంకా కొన్నాళ్ళు పడుతుంది. కాబట్టి సినిమా ఆల్బమ్ విషయంలో ఒక్క పాట రాగానే మొత్తం మీద తీర్పు చెప్పకండి. నోటుపుస్తకంలో ఆ సినిమాకు ఒక పేజీ కేటాయించి, పాట వచ్చిన తేదీ, పాడినవారి పేరు, రాసినవారి పేరు వేసుకుంటూ పోయి, చివరి పాట వచ్చిన వారాన్నే ఆ ఆల్బమ్ వారంగా లెక్కపెట్టండి. దసరాకు ముందు అమ్మవారి పాటలు, కార్తీక మాసం ముందు శివుని పాటలు, అయ్యప్ప పాటలు విరివిగా వస్తాయి. వీటిని చాలామంది ఆల్బమ్‌ల కింద లెక్కించరు గాని, ఇంద్రకీలాద్రి కింద బతికే మనం వాటిని వదిలేయడం నాకు సరిగా తోచదు. మంచి గాయనీగాయకులు సినిమాల్లో పాడే అవకాశం లేని తీరులో పాడేది ఈ పాటల్లోనే.

సమాచారం కోసం ఎక్కువ చోట్ల తిరగనక్కరలేదు. ఆదిత్య మ్యూజిక్, లహరి, సరిగమ, టీ సిరీస్ వంటి సంస్థల యూట్యూబ్ చానెళ్ళను అనుసరించండి. స్ట్రీమింగ్ సేవలో మీకు నచ్చిన గాయకులను, స్వరకర్తలను అనుసరించండి. స్పాటిఫైలోని రిలీజ్ రాడార్ వంటి జాబితాలు శుక్రవారం శుక్రవారం మారేది మీరు అనుసరించేవారినీ, మీరు ఎక్కువగా వినేవారినీ బట్టే. ఈ సౌకర్యంలోనే ఒక లోపం కూడా ఉంది: మీకు ఇదివరకే తెలిసినవారి చుట్టూనే అది తిరుగుతుంది. ఆ లోపాన్ని ఎంపికలో సరిదిద్దుకోవాలి.

రెండింటిని ఎంచుకోండి

శుక్రవారం సాయంత్రం వచ్చినవాటి పేర్లన్నీ ఒక పేజీలో రాసి, వాటిలో రెండింటికి మాత్రమే గుర్తు పెట్టండి. ఒకటి మీకు పరిచయమున్నవారిది కావాలి, రెండవది మీరు ఇంతకుముందెన్నడూ వినని వారిదో, వినని భాషదో, వినని పద్ధతిదో కావాలి. కర్ణాటక సంగీతం మాత్రమే వినేవారు ఒక తెలుగు ర్యాప్ ఆల్బమ్‌నూ, ర్యాప్ తప్ప మరొకటి విననివారు ఒక వేణువు కచేరీనీ నెలకొకసారైనా పెట్టుకుంటే, రెండు నెలలు తిరిగేసరికి వారి మాటలోనే తేడా తెలుస్తుంది.

ఎంచుకునే ముందు మొత్తం నిడివి చూడండి. 1948లో వచ్చిన లాంగ్ ప్లే రికార్డుకు ఒక్కొక్క వైపు 20 నిమిషాలకు కాస్త పైన మాత్రమే పట్టేది కనుక, ఆల్బమ్ అంటే 40 నిమిషాల పైచిలుకు అనే కొలత స్థిరపడింది. సీడీ వచ్చాక అది 74 నిమిషాల దాకా పెరిగింది. స్ట్రీమింగ్‌లో ఏ హద్దూ లేదు, అందువల్ల ఇరవై ముప్పై పాటల ఆల్బమ్‌లు కూడా వస్తున్నాయి. నిడివి గంట దాటితే ఆ వారానికి ఆ ఒక్కదానితోనే సరిపెట్టుకోండి. డీలక్స్ పేరుతో అదనపు పాటలు చేర్చినవి వస్తే, ముందు అసలు ఆల్బమ్ ఎక్కడ ముగుస్తుందో చూసి అక్కడివరకే వినండి, మిగిలినవి తరువాత.

వినడానికి ఫోనును, గదిని సిద్ధం చేయండి

షఫుల్ ఆపివేయండి. పాటల వరుస స్వరకర్త ఆలోచించి పెట్టినది, దాన్ని చెదరగొట్టి వింటే మీరు విన్నది వేరే ఆల్బమ్ అవుతుంది. 2021 నవంబరులో గాయని అడెల్ కోరిక మేరకు స్పాటిఫై ఆల్బమ్ పేజీల్లో షఫుల్‌ను మొదటి ఎంపికగా ఉంచడం మానుకుంది. అయినా మీ ఫోనులో అది పాత అలవాటు కొద్దీ నొక్కి ఉందేమో ఒకసారి చూసుకోవాలి. చందా కట్టని ఖాతాల్లో వరుసగా వినే వీలు లేకపోతే, సంస్థలు యూట్యూబ్‌లో పెట్టే జూక్‌బాక్స్‌ను గాని, పూర్తి ఆల్బమ్ ప్లేలిస్ట్‌ను గాని వాడుకోండి. ఒక పాట చివర మరొక పాట మొదలును కలిపేసే క్రాస్‌ఫేడ్‌ను సున్నాకు తెచ్చుకోండి. ఆల్బమ్ అయిపోయాక దానంతటదే వేరే పాటలు మొదలుపెట్టే ఆటోప్లేను కూడా ఆపండి, ఎందుకంటే చివరి పాట తరువాతి నిశ్శబ్దంలో మీకు తోచేదే చాలాసార్లు అసలైన అభిప్రాయం. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఎక్కువ నాణ్యతలో డౌన్‌లోడ్ చేసుకుంటే దారిలో ఆగిపోయే బాధ ఉండదు.

మన ఊళ్ళలో వినేవారికి ఉన్న అసలు ఇబ్బంది ఫ్యాను. మార్చి నుంచి జూన్ దాకా ఫ్యాను లేకుండా కూర్చోలేము, ఫ్యాను హోరులో తంబురా శ్రుతి, వీణ తీగ చివరి కంపనం, గాయని ఊపిరి తీసుకున్న చప్పుడు వంటి సన్నని ధ్వనులు మునిగిపోతాయి. శబ్దం పెంచితే చెవులు అలసిపోతాయి గాని ఆ సన్నని ధ్వనులు మాత్రం తేలవు. అందువల్ల ఎండాకాలంలో తెల్లవారుజామున 5 గంటలకు, ఫ్యాను ఆపినా ఓర్చుకోగలిగిన ఆ ముప్పావుగంటలో, చెవిలో సరిగ్గా ఇమిడే ఇయర్‌ఫోన్లతో వినడం మేలు. ఖరీదైనవే కానక్కరలేదు. ఒకే జతతో ఎప్పుడూ వింటే ఆ జత స్వభావం మీకు అలవాటై, ఆల్బమ్‌ల మధ్య తేడా నిజంగా ఆల్బమ్‌లదే అవుతుంది.

మూడుసార్లు వినండి, మూడు రకాలుగా వినండి

మొదటిసారి ఏమీ రాయకుండా వినండి. గుంటూరు, విజయవాడల మధ్య రోజూ తిరిగేవారికి ఇందుకు ప్రయాణమే చాలు. బస్సు కదిలినప్పుడు మొదలుపెడితే మంగళగిరి చేరేసరికి ఆల్బమ్ సగం దాటుతుంది, వారధి ఎక్కి కృష్ణ కనిపించేసరికి చివరి పాటల్లో ఉంటారు. బస్సు రొదలో వివరాలు వినిపించవు, మొదటిసారికి వివరాలు అక్కరలేదు కూడా. ఏ పాట దగ్గర మీ దృష్టి కిటికీ బయటికి పోయింది, ఏ పాట దగ్గర తిరిగి వచ్చింది అన్నది గుర్తుంటే చాలు. దిగాక ఆ రెండు పాటల పేర్లు మాత్రం రాసుకోండి.

రెండవసారి మరునాడు ఉదయం, ఇంట్లో, పుస్తకం దగ్గర పెట్టుకుని వినండి. ఆగవలసి వచ్చిన ప్రతిచోటా నిమిషం, సెకను రాయండి. ఉదాహరణకు, మూడవ పాట, 2 నిమిషాల 40 సెకన్లు, రెండవ చరణం మొదట్లో తాళవాద్యాలన్నీ ఆగి గొంతు ఒక్కటే మిగిలింది, అని రాసుకోవాలి. బాగుందో లేదో ఇప్పుడే రాయకండి. ఏమి జరిగిందో రాసుకుంటే, అది ఎందుకు నచ్చిందో తరువాత మీకే తెలుస్తుంది.

మూడవసారికి ఒక రోజైనా ఎడం ఇవ్వండి. ఈసారి సాహిత్యం ఎదురుగా పెట్టుకుని, వివరాల పట్టికలో ఎవరు రాశారో, ఎవరు వాయించారో, ఎవరు మిక్సింగ్ చేశారో చదువుతూ వినండి. క్యాసెట్ అట్ట మీద ముద్రించిన పేర్లు చదివే అలవాటు పోయిన తరువాత వాద్యకారుల పేర్లు తెలిసినవారే కరువయ్యారు, ఇది నన్ను నిజంగా బాధించే విషయం. ఆ వేణువు ఎవరిదో, ఆ కోరస్‌లో ఎవరున్నారో వెతికి పట్టుకుని మీ మాటలో ఆ పేరు చెప్పండి.

సినిమా పాటలైతే ఈ మూడింటిలో ఒక్కసారైనా తెర చూడకుండా వినాలి. లిరికల్ వీడియోలో కథానాయకుడి అడుగులు, రంగులు, అక్షరాల ఆట కలిసి పాటకు లేని బలాన్ని కూడా ఇస్తాయి. ఫోనును బోర్లించి వింటే పాటకు సొంతంగా ఉన్న బలం ఎంతో తెలిసిపోతుంది.

అభిప్రాయాన్ని మాటల్లో పెట్టండి

బాగుంది, సూపర్, పోయింది అన్న మాటలు మీ మనఃస్థితిని చెబుతాయి గాని ఆల్బమ్ గురించి ఏమీ చెప్పవు. ఎదుటివారు మీ మాట విని ఆ పాటలో ఫలానా చోటికి వెళ్ళి తాము కూడా వినగలిగితేనే అది అభిప్రాయం. అందుకు మనకు మంచి మాటలు సిద్ధంగా ఉన్నాయి. బాణీ, నడక, పల్లవి, చరణం, ఆలాపన, గమకం, శ్రుతి, తాళం, ఎత్తుగడ, ముగింపు: సంగీతం నేర్చుకోనివారు కూడా వీటిని రోజూ వింటూనే ఉంటారు, సంకోచం లేకుండా వాడవచ్చు. బీట్, బేస్, ట్యూన్ వంటివి కూడా మన మాటలే అయిపోయాయి. ఏ మాట వాడినా దాని పక్కన పాట పేరు, నిమిషం ఉండాలి.

బాణీ గురించి చెప్పేటప్పుడు, పల్లవి ఎత్తుగడను మీరు ఒకసారి విన్నాక హమ్మింగ్ చేయగలిగారా, చరణం పల్లవి నుంచి ఎక్కడ విడిపోయింది, తిరిగి పల్లవిలోకి ఎలా వచ్చి కలిసింది అని చూడండి. గాత్రం దగ్గర ఉచ్చారణను తప్పక పట్టించుకోండి. ళ, ల తేడా, ణ, న తేడా, శ, ష, స తేడా పోయిన చోట అర్థమే మారిపోవచ్చు. వేరే భాష నుంచి వచ్చిన గాయకులు ఎంతో శ్రమపడి సరిగ్గా పలికిన సందర్భాలూ ఉన్నాయి, వాటినీ అంతే శ్రద్ధగా చెప్పాలి. సినిమా పాటలకు చాలావరకు బాణీ ముందు కట్టి, దానిలో ఇమిడేటట్టు సాహిత్యం రాయిస్తారు. అందువల్ల దీర్ఘం లేని అక్షరాన్ని సాగదీయడం, ఒకే మాట రెండు తాళపు దెబ్బల మధ్య విరిగిపోవడం జరుగుతుంది. ఏ మాట ఎక్కడ విరిగిందో చెప్పగలిగితే అది విమర్శ, లేకపోతే అది ఫిర్యాదు మాత్రమే. ఆ ఇరుకులోనే మాట విరగకుండా, పైగా అర్థం మెరిసేటట్టు రాసిన కవి ఉంటే ఆ పాదాన్ని ఎత్తి చూపించడం వినేవారి బాధ్యత.

కాపీ అన్న మాట మీద ప్రత్యేకంగా జాగ్రత్త వహించండి. మోహన రాగంలో ఉన్నవి అయిదే స్వరాలు, ఆ రాగంలో కట్టిన ఏ రెండు పాటలకైనా ఎంతో కొంత పోలిక ఉండి తీరుతుంది. అది చౌర్యం కాదు. ఏ పాటలోని ఏ వాక్యం ఏ పాటలోని ఏ వాక్యంతో, ఎన్ని సెకన్ల పాటు, అదే నడకలో కలుస్తోందో పక్కపక్కన పెట్టి చూపగలిగినప్పుడు మాత్రమే ఆ మాట వాడండి.

మార్కుల విషయంలో ఎవరి అలవాటు వారిది. అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ క్రిస్ట్‌గౌ 1969 నుంచి చిన్నచిన్న సమీక్షలకు అక్షరాల గ్రేడులు ఇస్తూ వచ్చాడు, పిచ్‌ఫోర్క్ అనే సంగీత వెబ్ పత్రిక 10కి దశాంశంతో సహా మార్కు వేస్తుంది. మిత్రుల మధ్య మాటలకు మార్కులు మేలు చేయవని నా అభిప్రాయం, ఎందుకంటే 7కూ 7.5కూ మధ్య వాదన మొదలైతే పాట పక్కకు పోతుంది. తప్పదనుకుంటే మూడు మెట్లు చాలు: మొత్తం మళ్ళీ వింటాను, కొన్ని పాటలు దాచుకుంటాను, ఒకసారి చాలు.

మిత్రులతో పంచుకోండి

అయిదారుగురికి మించని వాట్సాప్ గ్రూపు పెట్టండి. శుక్రవారం ఎంపిక పేర్లు మాత్రమే అందులో వేయాలి, ఆదివారం సాయంత్రం వరకు ఎవరూ అభిప్రాయం రాయకూడదు. మొదట వచ్చిన గట్టి మాట మిగిలినవారి చెవుల్లో కూర్చుంటుంది, ఆ తరువాత వారు వినేది పాటను కాదు, ఆ మాటనే. ఆదివారం ప్రతి ఒక్కరూ రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపాలి, వయసులో అందరికంటే చిన్నవారు ముందు, పెద్దవారు చివర. మన ఇళ్ళల్లో బాబాయి గారో మేష్టారో ముందు మాట్లాడితే పిల్లలు తల ఊపి ఊరుకుంటారు, వారికి తోచినది వారి నోటనే ఉండిపోతుంది. ఈ వరుస పాటిస్తే పెద్దల గౌరవానికి భంగం కలగదు, పిల్లల మాటా వినబడుతుంది.

పెద్దలను మాత్రం తప్పక చేర్చుకోండి. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది, దాని భక్తిరంజని వింటూ పెరిగిన తరం ఈ రెండు ఊళ్ళలో ఇంకా ఉంది. రేడియోలో పాట ఒక్కసారే వచ్చేది, వెనక్కి తిప్పే వీలు లేదు, అందుకే వారు మొదటిసారే ఒళ్ళంతా చెవులు చేసుకుని వినడం నేర్చుకున్నారు. కొత్త ఆల్బమ్‌ను వారికి వినిపించి అడిగితే, మనం గమనించని శ్రుతి దోషమో, వాద్యం పేరో వారు చెబుతారు.

నెలకొకసారి ఎదురెదురుగా కూర్చోండి. ఒక నెల విజయవాడ సత్యనారాయణపురంలో ఒకరి ఇంట్లో, మరొక నెల గుంటూరు బ్రాడీపేటలో మరొకరి ఇంట్లో అయితే ప్రయాణ భారం పంచుకున్నట్టవుతుంది. ఆ నెలలో అందరూ ఎక్కువగా విభేదించిన ఒక్క పాటను స్పీకరులో పెట్టి, విభేదం వచ్చిన నిమిషం దగ్గర ఆపి మాట్లాడుకోవాలి.

ఈ కూడికకు కొన్ని హద్దులు ముందే చెప్పుకోవాలి. సినిమా ఆల్బమ్ మీద మాట్లాడేటప్పుడు కథానాయకుడి పేరు ఎత్తకూడదు. మన దగ్గర అభిమానం ఎంత దూరం పోతుందో అందరికీ తెలుసు, ఆ పేరు వచ్చిన మరుక్షణం స్వరకర్త కనుమరుగవుతాడు. గాయకుల రూపం, ఊరు, కులం ప్రస్తావనకు రాకూడదు, వస్తే ఆ మాటను అక్కడికక్కడే తీసివేయమని అడగాలి. పాటల ఫైళ్ళు పంపకండి, విడుదలకు ముందే బయటపడ్డవాటిని వినకండి, లంకె పంపితే చాలు. సాహిత్యం ఉదహరించవలసి వస్తే, 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయబద్ధమైన వాడకాన్ని అనుమతిస్తుంది. అందుకని ఒకటి రెండు పాదాలు రాసి కవి పేరు చెప్పండి, పాట మొత్తం ఎత్తి రాయకండి.

మూడు నెలల తరువాత మళ్ళీ తెరవండి

సంక్రాంతికి విన్న ఆల్బమ్‌ను ఉగాది దాటాక ఒకసారి, ముందు రాసుకున్న మాటలేవీ చదువుకోకుండా మళ్ళీ వినండి. గట్టిగా మెచ్చుకున్న పాట చప్పగా అనిపించవచ్చు, పట్టించుకోని అయిదవ పాట మనసులో నిలిచిపోయి ఉండవచ్చు. అప్పుడు పాత పేజీ తీసి, పాత మాటను కొట్టివేయకుండా, దాని కింద కొత్త తేదీ వేసి కొత్త మాట రాయండి. మారిన మాట ఏదైనా ఉంటే ఆ ఆదివారం గ్రూపులో ముందుగా దాన్నే చెప్పి, ఏ నిమిషం దగ్గర మారిందో చూపించండి, ఆ తరువాతే ఆ వారపు ఆల్బమ్‌ల వంతు.